ముక్కుల పెట్టె కొనొచ్చా? కొనండి, కార్డులు మాత్రం నమ్మకండి

ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అని అట్ట మీద రాసుంది. రేటు పన్నెండొందల యాభై. తిరుపతి గాంధీ రోడ్డు వైపు ఒక బొమ్మల షాపులో కాసేపు బేరమాడితే పదకొండొందలకు దిగాడు. జంతువుల ఒంటి తీరు వాటి బతుక్కి ఎలా పనికొస్తుందో పిల్లలు చేతులతో చేసి తెలుసుకోవడానికి తయారుచేసిన పెట్టె ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇంచుమించు ఇవే సామాన్లు వేరే వేరే పేర్లతో ఆన్‌లైన్‌లోనూ కనిపిస్తున్నాయి కాబట్టి పేరు కంటే లోపల ఏముందో తెలిస్తేనే మీకు ఉపయోగం. గుర్తు కావాలంటే, మూత మీద మంచుగడ్డపై తెల్ల ఎలుగుబంటి, దాని పక్కనే పెంగ్విన్ నిలబడి ఉంటాయి. ఆ బొమ్మ సంగతి తర్వాత చెబుతా.

నేను బైరాగిపట్టెడలో సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. మూడో క్లాసు నుంచి ఏడో క్లాసు దాకా పిల్లలు వస్తారు, అందరూ ఒకే వరండాలో. సైన్సులో ఈ పాఠం వచ్చిందంటే పిల్లలు గడగడా అప్పజెబుతారు. బాతుకు వేళ్ల మధ్య చర్మం ఉంటుంది, ఒంటెకు మూపురం ఉంటుంది, గద్దకు వంకర ముక్కు ఉంటుంది. ఉంటే ఏమవుతుందిరా అంటే మాత్రం నోరు పెగలదు. అందుకే బట్టీకి అందని వస్తువేదైనా ఉంటే బాగుండునని ఈ పెట్టె మీద డబ్బులు పెట్టాను.

లోపల నాలుగు రకాల సామాన్లున్నాయి: ముక్కుల ఆటకు పిట్టల ముక్కుల్లా పనిచేసే ప్లాస్టిక్ పనిముట్లు, ట్రేలు; చేతికి తొడుక్కునే కొవ్వు గ్లౌజు; దాగుడుమూతల ఆటకు రంగురంగుల గుడ్డ, కాగితపు పురుగులు; ఇంకా ఒక కట్ట జంతువుల కార్డులు. వీటిలో ముక్కుల ఆట ఒక్కటే పెట్టిన డబ్బంతా రాబట్టింది. కొవ్వు గ్లౌజు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి. గుడ్డ ఫర్వాలేదు. కార్డుల దగ్గరే నాకు తిక్క రేగింది.

ముందు మంచి సంగతి. సన్నటి ట్వీజర్లు, బట్టల క్లిప్పు లాంటి ఒక దవడ, చెంచా, డ్రాపర్, చిన్న జల్లెడ, మొత్తం ఐదు ముక్కులు. తిండి అని పెట్టెలో ఇచ్చిన ప్లాస్టిక్ గింజలు, రబ్బరు పురుగులు నేను వాడలేదు. రబ్బరు పురుగుల వాసనకు ఒక పాప ముక్కు మూసుకుని అరుగు మీదికి పారిపోయింది. మనింట్లో దొరికేవే నయం. ఒక ట్రేలో బొరుగులు, ఒకదాంట్లో చింతగింజలు, ఒకదాంట్లో ఉడకబెట్టిన సేమ్యా, సన్న మూతి సీసాలో రంగు నీళ్లు, బేసిన్ నీళ్లలో తేలుతున్న గసగసాలు. ఒక్కొక్కరికి ఒక ముక్కు. ఈల వేసినప్పటి నుంచి అర నిమిషం లోపల ఎవరు ఎంత ఏరుకుంటే అంత.

మొదట అందరూ చెంచా కోసమే కొట్టుకున్నారు. చెంచా దొరికిన పిల్ల బొరుగుల దగ్గర రాణిలా వెలిగింది. సేమ్యా దగ్గరికొచ్చేసరికి ఎంత ఎత్తినా జారిపోతోంది. డ్రాపర్ వచ్చినవాడు ఏడుపు మొహం పెట్టి కూర్చున్నాడు, గింజ ఒక్కటీ దొరకలేదు పాపం. సీసా ముందు పెట్టగానే వాడి వంతు వచ్చింది. మిగతా నలుగురు సీసాను ఊపడం, వంచడం, ట్వీజర్లను లోపలికి దూర్చడం, వీడేమో దర్జాగా నీళ్లు లాగుతూ కూర్చోవడం. మందార చెట్టు మీదికొచ్చే తేనెపిట్ట పేరు నేనెత్తలేదు. ఆరో క్లాసు పాప తనంతట తానే అంది, "మిస్, మా ఇంటి దగ్గర పువ్వుల్లో ముక్కు పెట్టే పిట్ట ఇదే కదా" అని. జల్లెడ ఎందుకూ పనికిరాదని పక్కన పడేశారు, బేసిన్‌లో గసగసాలు చూసేదాకా. అక్కడ జల్లెడ ఒక్కసారి ముంచి లేపితే చాలు.

ఆ జల్లెడను ఆసరా చేసుకుని పాఠాన్ని సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ సరస్సులోకి తీసుకెళ్లాను. సూళ్లూరుపేట మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022లో జిల్లాలు మార్చినప్పుడే అయినా, చలికాలంలో ఫ్లెమింగోలు చూడటానికి ఇక్కడివాళ్లు ఎప్పట్నుంచో వెళ్తున్నారు. ఆ పక్షి తల కిందులుగా పెట్టి తింటుందని ఫొటోల్లో చూసినా చాలామంది గమనించరు. పైముక్కు కిందికి, కిందిముక్కు పైకి వచ్చేలా తల వంచి, నాలుకను పంపులా ఆడిస్తూ నీళ్లు లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలా ఉండే పొరల్లో నాచు, సన్న రొయ్యలు నిలిచిపోతాయి. ఆ గులాబీ రంగు కూడా ఆ తిండిలోంచి వచ్చిందే, పిల్లలు బూడిద రంగులో పుడతాయి. అదే దారిలో నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గర గూడబాతుల (పెలికన్ల) సంచి ముక్కు కథ ఇంకొకటి. ఆ సంచి చేపలు దాచుకునే గంప అనుకుంటారు అందరూ. నిజానికి అది చేపను పట్టే వల. పట్టాక నీళ్లు కారబోసి వెంటనే మింగేస్తుంది.

కొంగల్లో ఓపెన్‌బిల్ కొంగ అని ఒకటి ఉంది, చెరువుల్లో, వరి మడుల్లో కనిపిస్తుంది. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పెట్టెతో వచ్చిన కాగితంలో దీన్ని నత్తగుల్లను నొక్కి పగలగొట్టే ముక్కు అని రాశారు. అలా కాదు. కిందిముక్కు కొనను గుల్ల లోపలికి దూర్చి, నత్తను పట్టి ఉంచే కండను తెంచి, లాగి తింటుంది. పిల్ల కొంగలకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. ఇలాంటి చిన్న వివరం చెబితే పిల్లల కళ్లలో వెలుగు వేరేగా ఉంటుంది. నిజం దొరుకుతున్నప్పుడు అబద్ధం అచ్చేయడం దేనికో.

పెట్టె ఇచ్చిన ఆట ఇంతవరకే. ఎవరికి ఎక్కువ వచ్చిందో లెక్కపెట్టి చప్పట్లు కొట్టమంటుంది. దీనికి నేను రెండో భాగం కలిపాను, కొన్నవాళ్లు తప్పకుండా ఆడించండి. మా వరండాలో దీని పేరు కరువాట.

దీనికి పెట్టెలోని ట్వీజర్లు, క్లిప్పు దవడతో పాటు మీ వంటింటి పట్టకారు కావాలి, వీలైతే రెండు మూడు. మా పిల్లలు మా అత్తగారి అడకత్తెర కూడా అడిగారు, ఇవ్వలేదు. ఒకటే పెద్ద ట్రే. మొదటి విడతలో బొరుగులు, చింతగింజలు, చెనిక్కాయలు అన్నీ కలిపి పోయాలి. ఏ ముక్కున్నవాడికైనా ఏదో ఒకటి దొరుకుతుంది, అందరూ బతుకుతారు. రెండో విడతకు వానలు పడలేదు, మెత్తటి గింజలన్నీ అయిపోయాయి అని చెప్పి బొరుగులు తీసేయాలి. మూడో విడతకు చింతగింజలూ తీసేయాలి. ఇక మిగిలింది తొక్కతో ఉన్న చెనిక్కాయలు మాత్రమే. రూలేంటంటే, చేత్తో ముట్టుకోకుండా ముక్కుతోనే చిట్లగొట్టి గింజ బయటికి తీయాలి. ట్వీజర్లు వంగిపోతాయి. క్లిప్పు దవడ కాయ మీద నుంచి జారిపోతుంది. పట్టకారు పట్టుకున్నవాళ్లకు మాత్రం టప్ టప్ మని చప్పుడు వస్తూ ఉంటుంది. గింజ తీయలేనివాళ్లు చచ్చిపోయినట్టు లెక్క, వెళ్లి అరుగు మీద కూర్చోవాలి.

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. అరుగు మీద కూర్చున్నవాళ్లు మళ్లీ ఆటలోకి రావచ్చు, బతికినవాళ్ల పిల్లలుగా. అంటే బతికినవాళ్ల దగ్గరున్న రకం ముక్కే తీసుకోవాలి. ఇంకో విడత అయ్యేసరికి ట్వీజర్లు కనబడవు, ఎవరి చేతిలో చూసినా పట్టకారే. "చూశారా, పిట్టల ముక్కులు లావైపోయాయి" అన్నాను. ఏడో క్లాసు పిల్లాడొకడు ఊరుకోలేదు. "లావవ్వలేదు మిస్. నా ట్వీజర్లు ట్వీజర్లుగానే ఉన్నాయి. నేను చచ్చిపోయా, అంతే" అన్నాడు.

పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఏ పిట్టా కష్టపడి ముక్కు పెంచుకోలేదు. ఉన్నవాటిలో లావు ముక్కువి బతికి పిల్లల్ని కన్నాయి, సన్నవి పోయాయి. ఇలా నిజంగా జరగడం మనుషులు కళ్లారా చూశారు కూడా. పసిఫిక్ సముద్రంలోని గాలపగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అని చిన్న దీవి ఉంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే భార్యాభర్తలు 1973 నుంచి అక్కడి ఫించ్ పిట్టల్ని పట్టి, ముక్కు కొలిచి, కాలికి గుర్తు వేసి వదిలేవాళ్లు. 1977లో ఆ దీవికి కరువొచ్చింది. చిన్న గింజలు అయిపోయాయి, గట్టి గింజలు మిగిలాయి. నేల మీద గింజలు తినే ఒక రకం ఫించ్‌లలో చాలా భాగం చచ్చిపోయాయి. బతికినవి ఎక్కువగా లావు ముక్కువే, వాటి పిల్లలకూ ఆ ముక్కే వచ్చింది. రాయలసీమ పిల్లలకు కరువంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకమ్మాయి అడిగింది, మళ్లీ వానలు బాగా పడితే ఏమవుతుందని. పడ్డాయి. 1983 ప్రాంతంలో ఆ దీవిలో విపరీతమైన వానలు పడి చిన్న గింజలు పుష్కలమయ్యాయి, ఈసారి చిన్న ముక్కువాటిదే రాజ్యం. అయితే బొరుగులు మళ్లీ పోయండి మిస్ అన్నారు. పోశాను. ఆట అయ్యాక ట్రే ఖాళీ, కడుపులు నిండాయి.

ఇక కార్డులు. గ్లాసీ పేపరు, బొమ్మలు చక్కగా ఉన్నాయి, అక్షరాలు మాత్రం అన్నీ ఇంగ్లీషే. అది సర్దుకుపోవచ్చు. తప్పులతో సర్దుకుపోలేం. జిరాఫీ కార్డు చూడండి. ఎత్తు కొమ్మల ఆకులు అందుకోవడానికి మెడ చాచి చాచి జిరాఫీ మెడ పొడుగైందట. అదే పెట్టెలో పిట్టల ముక్కుల ఆట పెట్టి, కార్డు మీద ఈ మాట రాశారు. ఆట నేర్పిందాన్ని కార్డు తుడిచేస్తోంది. చాచితే పొడుగయ్యే పనైతే నా ట్యూషన్‌లో వెనక వరసలో కూర్చుని బోర్డు వైపు మెడ సాగదీసే పిల్లలకు ఈపాటికి అర గజం మెడ ఉండాలి.

ఒంటె కార్డులో మూపురం నీళ్ల ట్యాంకు. చదివిన పెద్దవాళ్లు కూడా నమ్మే మాట ఇది. మూపురంలో ఉండేది కొవ్వు. కొవ్వంతా ఒకే చోట పెట్టుకోవడం వల్ల మిగతా ఒంటి మీద దుప్పటి కప్పినట్టు ఉండదు, వేడి బయటికి పోతుంది. ఎండాకాలం అంటే ఏంటో తెలిసిన తిరుపతి పిల్లలకు ఈ సంగతి ఎంత బాగా ఎక్కుతుందో. నీళ్ల విషయంలో ఒంటె పద్ధతి వేరు. పగలు ఒంటి వేడిని కొన్ని డిగ్రీలు పెరగనిస్తుంది, చెమట పట్టనివ్వదు, రాత్రి చల్లబడ్డాక ఆ వేడిని వదిలేస్తుంది. నీళ్లు దొరికినప్పుడు పావు గంట లోపే వంద లీటర్ల దాకా తాగేస్తుంది. అన్ని నీళ్లు ఒక్కసారి రక్తంలోకి వస్తే మామూలుగా రక్తకణాలు పగిలిపోవాలి. ఒంటె రక్తకణాలు కోలగా ఉండి, ఉబ్బినా తట్టుకుంటాయి. రెండు వరసల కనురెప్ప వెంట్రుకలు, మూసుకునే ముక్కు రంధ్రాలు, ఇసుకలో దిగబడని వెడల్పాటి పాదాలు. ఇన్ని నిజాలుండగా ట్యాంకు దేనికి?

బల్లి పాదాల్లో జిగురు ఉంటుందని ఇంకో కార్డు. జిగురుంటే గోడ మీద మరకలు పడవా అని మా పిల్లలే నవ్వారు. వరండాలో ట్యూబ్‌లైటు పక్కన ఎప్పుడూ ఒక బల్లి ఉంటుంది, దాన్ని కాసేపు చూస్తే చాలు. వేళ్లను కొసల నుంచి పైకి చుట్టి ఊడదీసి, మళ్లీ ఆన్చి అడుగేస్తుంది. వేళ్ల కింద కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. అవి గోడకు బాగా దగ్గరగా ఆనేసరికి అణువుల మధ్య ఉండే చిన్న ఆకర్షణే మొత్తం బల్లిని పట్టి ఉంచుతుంది. తోక తెగి ఎగిరెగిరి పడటం మన పిల్లలందరూ చూసినదే. పిల్లి ఆ తోకను చూస్తూ ఉండగానే బల్లి జారుకుంటుంది. ఇందుకు పదకొండొందల పెట్టె ఎందుకు, ఒక ట్యూబ్‌లైటు చాలు. మన కొండల్లో దీనికి ఒక గొప్ప చుట్టం ఉంది, బంగారు బల్లి. బెడ్డోమ్ అనే దొర 1870లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది తిరుపతి కొండల నుంచే. రాళ్ల సందుల్లో, నీటి చెమ్మ ఉన్న చోట ఉంటుంది, మగది పసుపు పచ్చగా మెరుస్తుంది. ఆ కార్డుల కట్టలో ఇది లేదు, ఉంటుందని నేనూ అనుకోలేదు.

ఏనుగు కార్డు దగ్గర నా పనే లేకుండా పోయింది. అడవి ఏనుగు, భారతదేశం అని రాసి ఆఫ్రికా ఏనుగు బొమ్మ వేశారు, చాటల్లాంటి చెవులతో. మా ట్యూషన్‌లో ఒక పాప అమ్మమ్మ వాళ్లది పలమనేరు దగ్గర పల్లె. ఆ పక్క కౌండిన్య అడవిలో ఏనుగులున్నాయి, పొలాల మీదికి వస్తుంటాయి. "మా ఊరి ఏనుగు చెవులు ఇంత పెద్దవి కావు మిస్" అని కార్డు తిప్పి ఇచ్చేసింది. చెవులు విసురుకోవడం రక్తాన్ని చల్లబరుచుకోవడానికి. ఎండ ఎక్కువున్న బయలు ప్రదేశాల్లో తిరిగే ఆఫ్రికా ఏనుగుకు పెద్ద చెవులు, చెట్ల నీడలో తిరిగే మన ఏనుగుకు చిన్నవి. తొండం కొసన వేలు లాంటిది ఆఫ్రికా ఏనుగుకు రెండు, మనదానికి ఒకటే. తప్పు బొమ్మ వల్ల ఆ రోజు ఒక మంచి పాఠం జరిగింది, అందులో కంపెనీ గొప్పేమీ లేదు.

మూత మీది తెల్ల ఎలుగు, పెంగ్విన్ సంగతి. అవి రెండూ సహజంగా ఎప్పుడూ ఎదురుపడవు. ఎలుగు ఉండేది ఉత్తర ధ్రువం వైపు, పెంగ్విన్లు దక్షిణం వైపు. మూతే తప్పైతే లోపలి సరుకు గురించి ముందే అనుమానం రావాల్సింది కదా అని మావారి వ్యాఖ్యానం.

కొవ్వు గ్లౌజు ఆలోచన బాగుంది. రెండు ప్లాస్టిక్ సంచుల మధ్య వనస్పతి నింపి, అందులో చెయ్యి పెట్టి ఐసు నీళ్లలో ముంచాలి. రెండో చేతిని ఉత్తి సంచితో ముంచాలి. ఉత్తి చెయ్యి కాసేపటికే జివ్వున లాగేస్తుంది, కొవ్వు చెయ్యి హాయిగా ఉంటుంది. సీల్‌కు, తిమింగలానికి, ధ్రువపు ఎలుగుకు చర్మం కింద ఇదే పని జరుగుతుంది. కానీ దీన్ని మే నెలలో తిరుపతిలో చేయకండి. వనస్పతి నూనెలా కరిగి సంచి అడుక్కి దిగిపోతుంది, వేళ్ల చుట్టూ ఏమీ మిగలదు, ఐసు కూడా బేసిన్‌లో వేసేలోపు సగమవుతుంది. సంచి అతుకు ఒకటి ఊడి వరండా గచ్చంతా జిడ్డు, సీకాయ పొడి వేసి కడిగాం. డిసెంబరులో, అదీ పొద్దున పూట అయితే బ్రహ్మాండం. ఆ పరీక్ష అయ్యాక ధ్రువపు ఎలుగు వెంట్రుకలు నిజానికి తెలుపు కావు, రంగు లేనివి, దాని కింద చర్మం నల్లగా ఉంటుంది అని చెప్పండి. ఎవరూ నమ్మరు, అప్పుడు వాదన భలే ఉంటుంది.

దాగుడుమూతల గుడ్డ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆకుల అచ్చు గుడ్డ మీద కాగితపు పురుగులు చల్లి ఏరమంటారు. గుడ్డ అక్కర్లేదు, పెరట్లో ఎర్రమట్టి మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ఊలు ముక్కలు చల్లి ఏరించండి, ఎరుపువే చివరిదాకా మిగులుతాయి. ఊసరవెల్లి కార్డును మాత్రం ఈ ఆటతో కలపకండి. ఏ రంగు మీద కూర్చుంటే ఆ రంగులోకి మారుతుందని అందులో ఉంది. అది రంగు మార్చేది ఎక్కువగా తోటి ఊసరవెల్లులకు తన కోపమో ఇష్టమో తెలపడానికి, ఎండ వేడిని కావలసినంత తీసుకోవడానికి.

కార్డులు పక్కన పెట్టి పాత క్యాలెండర్ల వెనక మేమే కొత్తవి చేసుకున్నాం. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది. ఇంటి వెనక అంత అడవి పెట్టుకుని కంగారూలు, స్లాత్‌లు బట్టీ పట్టడం నాకు నచ్చదు. అలుగు, దేవాంగపిల్లి, గుడ్లగూబ, వడ్రంగిపిట్ట, అన్నింటికీ ఒక్కో అట్ట. వీటిలో పిల్లలకు పిచ్చెక్కించింది ఎలుగుబంటి. మన ఎలుగుకు పైవరస ముందు పళ్లు రెండు ఉండవు. పొడుగాటి గోళ్లతో పుట్టను చీల్చి, ముందు గట్టిగా ఊది మట్టి ఎగరగొట్టి, ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదాలు గొట్టంలా ముందుకు చాపి ఆ పళ్ల సందులోంచి చెదల్ని జుర్రుకుంటుంది. కూల్‌డ్రింక్ స్ట్రా, ఒక గ్లాసులో బూడిద పైన రెండు బొరుగులు ఇచ్చి ముందు ఊదమన్నాను, తర్వాత పీల్చమన్నాను. ఊదకుండా పీల్చినవాడి మూతి చూడాలి. (బూడిద బదులు పిండి వాడండి, ఇది మా ఇంట్లో నాకు వచ్చిన ఆర్డరు.)

ఈ కార్డులు చేస్తున్నప్పుడే ఒకడు పుంగనూరు ఆవు వేశాడు. మూడడుగుల లోపు ఎత్తు, కొద్ది మేతతో, ఎండుగడ్డితో నెట్టుకొస్తుంది, మెట్ట సీమకు సరిగ్గా సరిపోయే పశువు. మరి ఇది అడవి ఎంచిందా, మనిషి ఎంచాడా? ఏ దూడను ఉంచుకోవాలో, దేన్ని దేనితో కలపాలో ఇక్కడ చూసుకున్నది రైతు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని ఇప్పటికీ కాపాడుతున్నారు. నెమలి కార్డు మీద ఇంకా పెద్ద గొడవ. అంత బరువు తోకతో పులి నుంచి ఎలా తప్పించుకుంటుంది, అది బతుక్కి అడ్డం కదా అని. అడ్డమే. కానీ పెట్టకు నచ్చకపోతే పిల్లలే పుట్టరు. దీనికి నాలుగో క్లాసు పాప "అయితే పెళ్లి బట్టల్లాంటిది" అని తేల్చేసింది.

పెట్టెలో దొరకనిది ఇంకొకటి, కదలిక. అందుకు శ్రీ వేంకటేశ్వర జూ పార్కు ఉంది, 1987లో పెట్టింది, 5,532 ఎకరాలు, కొండల కింద. పిల్లల్ని ప్రతి బోను దగ్గరా నిలబెట్టి పేర్లు చదివించకండి, కాళ్లు నొప్పులు తప్ప మిగలదు. రెండే చోట్ల ఎక్కువసేపు ఆగండి. సింహాన్ని ఎదురుగా చూసి కళ్లు ఎక్కడున్నాయో చూడమనండి, ముందుకి. జింక దగ్గర అదే అడగండి, పక్కలకి. వేటాడేదానికి దూరం అంచనా కావాలి, వేటకు దొరికేదానికి వెనక నుంచి ఏమొస్తోందో తెలియాలి. మొసలి నీళ్లలో ఉంటే ఏమేం పైకి తేలి కనిపిస్తున్నాయో లెక్కపెట్టమనండి. కళ్లు, ముక్కు రంధ్రాలు, అంతే. ఈ ప్రశ్నలకు కార్డులో జవాబు వెతుక్కునే పని ఉండదు, ఎదురుగా ఉంటుంది.

పెట్టెకు ఐదుకు మూడు ఇస్తాను, మూడూ ముక్కుల ఆటవే. పది మంది పిల్లలున్న ట్యూషన్‌కో, బడికో అయితే కొనండి. ఇంట్లో ఒక్క పిల్లాడికైతే వద్దు, ఒక్కడే ఆడితే కరువాట నడవదు, పైగా ఆ పనిముట్లు మీ వంటింట్లోనే ఉన్నాయి. కార్డులు చూసి కొనేవాళ్లు డబ్బులు మిగుల్చుకోండి. ఇంకో మాట, షాపులోనే పెట్టె విప్పించి క్లిప్పు దవడ స్ప్రింగు నొక్కి చూడండి. మాది రెండో వారానికే వదులైపోయింది, తీసుకెళ్తే బిల్లు లేదన్నాడు. బిల్లు అడిగితే ఆ బేరం తగ్గించేవాడు కాదనేది వేరే సంగతి.